సంచార లేఖనమునకు టాబ్లెట్ నిర్వాహక వ్యవస్థలు

కీబోర్డును విడిచి, తెరమీదనే వ్రేలితోగాని కలముతోగాని పని జరుపుకొనుటకు వీలుగా నిర్మింపబడిన పలుచని కంప్యూటరును టాబ్లెట్ అందురు. వాడుకలో ట్యాబ్ అనియు పిలుతురు. దానియందలి యంత్రభాగములను, వానిపై నడచు యాప్‌లను సమన్వయపరచు మూల సాఫ్ట్‌వేరునకు నిర్వాహక వ్యవస్థ, అనగా ఆపరేటింగ్ సిస్టమ్, అని పేరు. ప్రయాణమధ్యమున ఒక దృశ్యమును ఫొటో తీసి, దానికి నాలుగు వాక్యములు చేర్చి, తన బ్లాగునందు టపాగా ప్రకటించుటకో మిత్రులకు పంపుటకో పూనుకొనువానికి యంత్రముయొక్క బరువు, తెర నిగ్గు, ప్రాసెసరు వేగము మొదలగునవి కొంత మేరకే అక్కరకు వచ్చును. ఆతని పని సుఖముగా సాగునో సాగదో నిర్ణయించునది, ఒక యాప్‌లో పుట్టిన వస్తువును మరియొక యాప్ చేతికి అందించుటకు నిర్వాహక వ్యవస్థ ఎట్టి మార్గమును కల్పించినది అను అంశమే. ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్ అను మూడు సంస్థలు ఈ మార్గమును గూర్చి పరస్పర భిన్నములైన అభిప్రాయములతో బయలుదేరి, పదిపదునైదేండ్లలో ఒకరి త్రోవలోనికి ఒకరు వచ్చి చేరినవి.

పూర్వరంగము

టాబ్లెట్ అను భావన నిన్న మొన్నటిది కాదు. అలాన్ కే అను శాస్త్రజ్ఞుడు 1972లో వెలువరించిన ఒక వ్యాసమునందే, నోటుపుస్తకమంత పరిమాణము గలిగి పిల్లలు సైతము వెంట గొనిపోదగిన ‘డైనాబుక్’ అను యంత్రమును ఊహించియుండెను. 1989లో గ్రిడ్‌ప్యాడ్, 1993లో ఆపిల్ వారి న్యూటన్ వెలువడి, కలముతో నడచు యంత్రములు సాధ్యములేనని నిరూపించినవిగాని జనసామాన్యమున వ్యాపింపలేదు. 2001 నవంబరులో లాస్‌వేగస్ నగరమునందలి కామ్‌డెక్స్ ప్రదర్శనమున బిల్ గేట్స్, ఐదేండ్లలో అమెరికాయందు అమ్ముడగు కంప్యూటరులలో టాబ్లెట్టే అత్యధిక జనాదరణ పొందిన రూపము కాగలదని జోస్యము చెప్పెను. మరుసటి సంవత్సరము నవంబరులో విండోస్ ఎక్స్‌పీ టాబ్లెట్ పీసీ ఎడిషన్ విపణికి వచ్చెను. జోస్యము ఫలింపలేదు. మౌసు మొనకొరకు ఉద్దేశింపబడిన చిన్న చిన్న బొత్తాములను, పట్టీలను, మెనూలను అట్లే యుంచి, వానిమీద కలమును మాత్రము ప్రయోగింపుమనుట ఆ వ్యవస్థయందలి లోపము. ధరయు, బరువును ఆ లోపమునకు తోడైనవి.

ఇదే కాలమున బ్లాగుల లోకమున జరిగిన ఒక మార్పు, పైకి కనబడకున్నను, రాబోవు టాబ్లెట్లకు మేలు చేసినది. 1999లో బ్లాగర్, 2003లో వర్డ్‌ప్రెస్ అను బ్లాగు సాధనములు అవతరించిన వెనుక, టపా వ్రాయుటకు బ్రౌజరునే తెరువవలయునను నియమము క్రమముగా సడలెను. శీర్షిక, పాఠము, వర్గము, బొమ్మ అనువానిని ఒక నియత రూపమున కూర్చి సర్వరునకు పంపుటకు ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ అను సంభాషణ పద్ధతిపై కొన్ని ఒప్పందములు ఏర్పడినవి. వానిలో 2002లో డేవ్ వైనర్ ప్రతిపాదించిన మెటావెబ్‌లాగ్ ఏపీఐ మిక్కిలి ప్రచారము పొందెను. దీని ఫలితముగా ఏ యంత్రముమీద నడచు చిన్న యాప్ అయినను బ్లాగునకు కలము కాగల్గెను. వర్డ్‌ప్రెస్ యాప్ 2008లో ఐఫోనునకును, 2010లో ఆండ్రాయిడునకును వచ్చినది. ఇట్టి యాప్ చిత్తుప్రతిని యంత్రమునందే దాచి, సంకేతము దొరకినప్పుడు సర్వరునకు చేరవేయును గనుక, రైలు కనుమల సొరంగములలో నున్నను వ్రాత ఆగదు. బ్రౌజరులో వ్రాయువానికి ఈ ధీమా లేదు. సెల్ టవరులు విడిచి దూరము పోవు యాత్రికునకు ఇది ఒక్కటియే యాప్‌ను ఎన్నుకొనుటకు చాలినంత కారణము.

ఐప్యాడ్

2010 జనవరి 27న శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఐప్యాడును లోకమునకు చూపెను. ఏప్రిల్ 3న అమెరికాలో అమ్మకము లారంభమయ్యెను. 9.7 అంగుళముల తెర, సుమారు 680 గ్రాముల బరువు గల ఆ యంత్రమునకు మైక్రోసాఫ్టువలె కంప్యూటరునుండి వ్యవస్థను దించుటకు మారుగా, ఐఫోనునుండి వ్యవస్థను పెంచి అమర్చిరి. వ్రేలికొరకు పుట్టిన వ్యవస్థ గనుక అది వ్రేలికి లొంగెను. కాని ఫోనునకు సరిపోయిన కట్టుబాట్లు కూడ వెంట వచ్చినవి. భద్రతను ఉద్దేశించి ఆపిల్ వారు ప్రతి యాప్‌ను దాని గదిలో ఉంచి తలుపు బిగించిరి. ఒక గదిలోని ఫైలు మరియొక గదికి కానరాదు. గృహస్థు తన యింట తానే అతిథివలె మెలగవలసి వచ్చెను.

ఆ తొలి రెండేండ్లలో ఐప్యాడుతో బ్లాగు నడపుట ఒక విధమైన తపస్సు. మొదటి యంత్రమునకు కెమేరాయే లేదు. వేరుగా కొనవలసిన ఒక కనెక్షన్ కిట్టు ద్వారమున కెమేరానుండి ఫొటోలను దింపుకొనవలసియుండెను. ఒక యాప్‌నుండి మరియొకదానికి పోయి వచ్చుసరికి మొదటిది మూతపడుచుండెను. ఈ బాధ 2010 నవంబరులో ఐఓఎస్ 4.2 వచ్చువరకు తీరలేదు. సఫారీ బ్రౌజరులో బ్లాగు పుటను తెరచినచో, వ్రాత పెట్టెయందు అక్షరములను మందముగాను ఏటవాలుగాను చేయు దృశ్య సంపాదకము పనిచేయక, హెచ్‌టీఎంఎల్ గుర్తులను చేతితో టైపు చేయవలసి వచ్చెడిది. ఇది 2011లో ఐఓఎస్ 5తో చక్కబడెను. ఫొటో ఎక్కించు బొత్తాము మసకబారి, ఎంత నొక్కినను పలుకక, 2012లో ఐఓఎస్ 6 వచ్చినగాని మేల్కొనలేదు. ఇంత పెద్ద తెర, ఇంత చక్కని చిత్రప్రదర్శనము గల యంత్రము, ఒక బొమ్మను బ్రౌజరుగుండ సొంత బ్లాగునకు పంపలేకపోవుట నేటివారికి నమ్మశక్యము గాకుండవచ్చును. వ్రాయుటకంటె చదువుటకును చూచుటకును అది నిర్మింపబడినదని ఆనాడు వచ్చిన విమర్శ, ఈ విషయమున మాత్రము, అన్యాయమైనది కాదు.

పంపకమును గూర్చి ఆపిల్ వారు తొలుత చేసిన ఏర్పాటు విచిత్రమైనది. 2011లో ట్విటరును, మరుసటి యేడు ఫేస్‌బుక్‌ను నిర్వాహక వ్యవస్థయందే చేర్చి, ఫొటో ప్రక్కన వాని గుర్తులను నిలిపిరి. తాము ఎన్నుకొన్న రెండు మూడు సంస్థలకు రాజమార్గము, తక్కినవారికి గోడ. వర్డ్‌ప్రెస్‌నకుగాని టంబ్లర్‌నకుగాని ఆ పట్టికలో చోటు లేదు. 2014లో వచ్చిన ఐఓఎస్ 8 ఈ పద్ధతిని తలక్రిందులు చేసెను: ఏ యాప్ అయినను తన తరఫున ఒక చిన్న ఎక్స్‌టెన్షనును షేర్ పట్టికలో ఉంచుకొనవచ్చుననియు, అన్యులు రచించిన కీబోర్డులను వినియోగదారుడు చేర్చుకొనవచ్చుననియు అనుమతి లభించెను. వెనుక 2017లో ఐఓఎస్ 11, ట్విటరునకును ఫేస్‌బుక్‌నకును ఇచ్చిన ప్రత్యేక స్థానమును తొలగించుటయే గాక, ఫైల్స్ అను యాప్‌ను, రెండు యాప్‌లను ప్రక్కప్రక్కన నిలిపి ఒకదానినుండి మరియొకదానికి బొమ్మను వ్రేలితో లాగివిడుచు సౌకర్యమును ప్రసాదించెను. సంచార లేఖకునకు ఐప్యాడు నిజముగా ఉపకరణమైనది ఈ సంవత్సరమునుండియే యని నా అభిప్రాయము. 2019లో ఐప్యాడ్ వ్యవస్థకు ఐప్యాడ్‌ఓఎస్ అను ప్రత్యేక నామము వచ్చి, పెన్‌డ్రైవులను, ఎస్‌డీ కార్డులను నేరుగా చదువుటయు, బ్రౌజరు కంప్యూటరు బ్రౌజరువలె ప్రవర్తించుటయు సంభవించినవి. అప్పటినుండి వర్డ్‌ప్రెస్ నిర్వహణ పుట ఐప్యాడులో ఫోను పుటవలె ముడుచుకొనిపోక, పూర్ణరూపమున తెరచుకొనుచున్నది.

2017లోనే ఆపిల్ వారు ఫొటోలను హెచ్‌ఈఐసీ అను కొత్త రూపమున దాచుట ఆరంభించిరి. జేపెగ్ కంటె స్వల్ప పరిమాణమున సమాన నాణ్యత దీని గుణము. బ్లాగు సర్వరులు దానిని గుర్తింపకపోవుట దోషము. ఫొటోల యాప్‌నుండి బ్రౌజరు ద్వారమున ఎక్కించునప్పుడు వ్యవస్థయే సాధారణముగా జేపెగ్‌గా మార్చి యిచ్చును గాని, ఫైలుగా తరలించినచో ఆ మార్పు జరుగకపోవచ్చును. వర్డ్‌ప్రెస్ వారు 2024లో తమ 6.7 ప్రచురణమున ఈ రూపాంతరమును సర్వరునందే జరుపుటకు ఏర్పాటు చేసిరి.

ఆండ్రాయిడ్

ఆండ్రాయిడ్ వ్యవస్థ 2008లో ఫోనులయందు అవతరించిననాడే దానికి ‘ఇంటెంట్’ అను యంత్రాంగము సహజాభరణముగా ఉండెను. ప్రతి యాప్ తాను పాఠమును స్వీకరింపగలనో, ఫొటోను స్వీకరింపగలనో తన పరిచయపత్రమున ముందే ప్రకటించుకొనును. వినియోగదారుడు ఏ యాప్‌లోనైనను షేర్ బొత్తామును నొక్కగా, ఆ యాప్ ‘ఈ వస్తువును పుచ్చుకొనువా రెవరు?’ అని వ్యవస్థను అడుగును. వ్యవస్థ తగినవారినందరిని పట్టికగా చూపును. ఇచ్చువానికి పుచ్చుకొనువాని పేరైనను తెలియనక్కరలేదు. నిన్న పుట్టిన యాప్ నేడు ఈ పట్టికకు ఎక్కుటకు ఏ సంస్థ అనుగ్రహమును అవసరము కాలేదు. ఐఓఎస్ ఏండ్లతరబడి నడచి చేరిన చోటునుండి ఆండ్రాయిడ్ బయలుదేరినదనుట అతిశయోక్తి గాదు.

అయినను ఆండ్రాయిడ్ టాబ్లెట్టు చాలకాలము అనాదృతముగా మిగిలెను. 2010లో సామ్‌సంగ్ వారి ఏడంగుళముల గెలాక్సీ ట్యాబ్ వచ్చినప్పుడు అందున్న 2.2వ ప్రచురణము టాబ్లెట్లకొరకు ఉద్దేశింపబడినది కాదని గూగుల్ ప్రతినిధులే పలికిరి. టాబ్లెట్లకొరకే రచించిన 3.0వ ప్రచురణము, హనీకూంబ్, 2011లో మోటరోలా జూమ్ యంత్రముతో వెలువడినదిగాని, త్వరపడి చేసిన పనియని తామే ఎరిగియున్నందున కాబోలు, గూగుల్ వారు దాని మూలరచనను ఆనాడు బహిర్గతము చేయలేదు. 2012లో ఆసుస్ వారు చేసిన నెక్సస్ 7, 199 డాలర్ల ధరకు వచ్చి, అందుబాటు వెలగల మంచి టాబ్లెట్టు సాధ్యమని చూపెను. యాప్ రచయితలు మాత్రము ఫోను తెరకు గీసిన పుటలనే పెద్ద తెరపై సాగదీసి విడుచుట మానలేదు. కొన్ని యాప్‌లు మాత్రమే మినహాయింపులు. ఈ ఔదాసీన్యమును సవరించుటకు గూగుల్ వారు 2022లో 12ఎల్ అను ప్రచురణమును పెద్ద తెరలకే అంకితము చేయవలసివచ్చెను.

తలుపులన్నియు తెరచియుండుటవలని చిక్కులును కలవు. షేర్ పట్టిక యాప్‌లు పెరిగినకొలది చాంతాడయ్యెను. ఏ పేరు ఏ మూలనుండునో నిన్నటి అభ్యాసము నేటికి పనికిరాకపోయెను. పట్టిక తెరచుకొనుటకే ఆలస్యమగుచుండ, 2019లో ఆండ్రాయిడ్ 10లో దానిని తిరుగవ్రాసిరి. అదే ప్రచురణమునుండి యాప్‌లు ఫైళ్లన్నిటిని యథేచ్ఛగా పరికించు స్వాతంత్ర్యమును క్రమముగా కుదించి, ఐఓఎస్ గదుల పద్ధతికి ఆండ్రాయిడ్ సైతము దగ్గరయ్యెను. ఇక నవీకరణముల మాట: తగిన ఐప్యాడులన్నిటికి ఒకేనాడు చేరు కొత్త ప్రచురణము, ఆండ్రాయిడ్ టాబ్లెట్లకు ఆయా తయారీదారుల చిత్తము వచ్చినప్పుడు చేరును; చవక యంత్రములకు అసలు చేరకపోవుటయు కలదు. అమెజాన్ వారి ఫైర్ టాబ్లెట్లు ఆండ్రాయిడునుండియే పుట్టినను గూగుల్ యాప్‌ల అంగడి వానిలో లేదు గనుక, బ్లాగరి తనకు కావలసిన యాప్ అమెజాన్ అంగడిలో దొరకునో లేదో చూచుకొని గాని కొనదగదు.

విండోస్, అస్తమించిన వ్యవస్థలు

2012 అక్టోబరు 26న వెలువడిన విండోస్ 8లో, తెర కుడి అంచునుండి వ్రేలిని లోనికి జరిపినచో ఐదు గుర్తుల పట్టీ కనబడెడిది: వెదకుట, షేర్, స్టార్ట్, పరికరములు, సెట్టింగ్స్. వీనికి చార్మ్‌లని పేరు. ప్రతి యాప్‌కు ప్రత్యేకమైన షేర్ బొత్తాము అక్కరలేకుండ, ఎక్కడనున్నను ఒకే స్థానమున ఒకే క్రియ. ఆలోచనగా చూచినచో మూడు వ్యవస్థలలోను ఇదియే సుందరమైనది. ఆచరణమున ఇదియే విఫలమైనది. కంటికి కనబడని అంచున దాగిన ద్వారము అక్కడ ఉన్నదని తెలియనివాడు దానిని వెదకడు. తెలిసినవాడు విండోస్ డెస్క్‌టాపు ప్రోగ్రాములనుండి దానిని పిలిచినచో, డెస్క్‌టాపునుండి పంచుకొనదగినది ఏదియు లేదను సమాధానము వచ్చెడిది. విండోస్ ఆర్‌టీ అను శాఖ మరింత దయనీయము. అది మైక్రోసాఫ్ట్ అంగడిలోని యాప్‌లను తప్ప పాత విండోస్ ప్రోగ్రాములను నడపదు. బ్లాగరులు ఏండ్లతరబడి ప్రేమించిన విండోస్ లైవ్ రైటర్ అను ఉత్తమ సాధనము మైక్రోసాఫ్టు వారిదే యైనను, వారి టాబ్లెట్టునందే నడువలేదు. 2013లో ఆ సంస్థ సర్‌ఫేస్ ఆర్‌టీ అను తన టాబ్లెట్టు నిమిత్తము 90 కోట్ల డాలర్ల నష్టమును లెక్కలలో చూపవలసివచ్చెను. 2015లో విండోస్ 10 చార్మ్‌లను తొలగించెను. అటు పిమ్మట విండోస్ టాబ్లెట్టు, కీబోర్డు తగిలించిన సర్‌ఫేస్ ప్రో రూపమున, టాబ్లెట్టుగా గాక తేలికపాటి కంప్యూటరుగానే మన్నన పొందినది. దీర్ఘవ్యాసమును, పట్టికలను, పాతిక ఫొటోలను కూర్చి టపా చేయువానికి నేటికిని అది సాటిలేనిది. నిలబడి ఒక చేత పట్టుకొని వ్రాయువానికి మాత్రము భారము.

అస్తమించినవానిలో వెబ్‌ఓఎస్ ఒక్కటి స్మరింపదగినది. పామ్ సంస్థ రచించిన ఈ వ్యవస్థను 2010లో హెచ్‌పీ వారు 120 కోట్ల డాలర్లకు కొని, 2011 జూలై 1న టచ్‌ప్యాడును విడుదల చేసి, ఆగస్టు 18న, అనగా రెండు మాసములైన నిండకముందే, విరమించుకొనిరి. ముందు టైపు చేయుము, అది ఉత్తరమో సందేశమో తరువాత నిర్ణయింపుమను ‘జస్ట్ టైప్’ సౌకర్యము అందుండెను. భావము తట్టినవెంటనే వ్రాయువాని స్వభావమును ఇంతగా ఎరిగిన వ్యవస్థ మరియొకటి లేదు. అది నేడు ఎల్‌జీ టీవీలలో బ్రతుకుచున్నది. 2011లోనే వచ్చిన బ్లాక్‌బెర్రీ ప్లేబుక్, ఉత్తరములకే పేరొందిన సంస్థనుండి సొంత ఈమెయిల్ యాప్ లేకుండ వెలువడెనని చెప్పిన చాలును.

ఇక నేడు నిలిచిన వ్యవస్థలను గూర్చి రెండు మాటలు. దగ్గరి యంత్రమునకు ఇంటర్నెట్టు లేకుండ ఫైళ్లను పంపు విషయమున ఆపిల్ వారి ఎయిర్‌డ్రాప్ 2013లోనే ఐప్యాడునకు రాగా, గూగుల్ వారి నియర్‌బై షేర్ 2020లో వచ్చి, 2024లో సామ్‌సంగ్ వారి సాధనముతో కలిసి క్విక్ షేర్ అయ్యెను.

ఫొటోతోపాటు తెలియకయే ప్రయాణించునది ఒకటి కలదు. టాబ్లెట్టు తీసిన చిత్రమున, స్థాన సేవలు నడచుచున్నచో, తీసిన చోటి అక్షాంశ రేఖాంశములు లిఖింపబడియుండును. ఇంట తీసిన ఫొటోను యథాతథముగా ప్రకటించిన బ్లాగరి తన ఇంటి చిరునామాను ప్రకటించినట్లే. 2019నుండి ఐప్యాడునందు షేర్ పట్టిక పైభాగముననే స్థానమును తొలగించు ఎంపిక యున్నది; అదే సంవత్సరపు ఆండ్రాయిడ్ 10 ప్రత్యేకానుమతి లేని యాప్‌లకు ఆ వివరమును మరుగుపరచును.

తెలుగున వ్రాయువాని ప్రత్యేకావసరములు

ఇంతవరకు చెప్పిన గుణదోషములు ఏ భాషవారికైనను ఇంచుమించు సమానములే. తెలుగు లేఖకునకు వీనికి ముందు మరియొక గడప కలదు: అక్షరము తెరపై సరిగా నిలుచునా? యూనికోడునందు తెలుగు లిపికి 1991లోనే చోటు దొరకినది గాని, హల్లు, పొల్లు, హల్లు అను క్రమమున దాచబడిన సంకేతములను చూచి రెండవదానిని ఒత్తుగా క్రిందికి దించి, గుణింతమును తగిన తావున అతికించు ఆకృతి యంత్రాంగము నిర్వాహక వ్యవస్థయందు ఉండవలెను. విండోస్ ఎక్స్‌పీ 2001లోనే గౌతమి ఫాంటుతో ఈ పని నిర్వహించెను. లేఖిని అను టైపు సాధనము, కూడలి అను బ్లాగుల సంకలిని మొదలగువాని చుట్టు తెలుగు బ్లాగులు వర్ధిల్లుటకు ఆ పునాదియే ఆధారము. ఆండ్రాయిడ్ తొలి ప్రచురణములలో తెలుగు టపా తెరచినచో అక్షరములకు మారుగా గళ్లు కనబడెడివి. ఓపెరా మినీ బ్రౌజరులో ఒక మరుగు సెట్టింగును మార్చి, సర్వరునందే అక్షరములను బొమ్మలుగా మార్పించుకొని చదువు కిటుకు ఆ దినములలో తెలుగు చదువరులకు కంఠోపాఠము. 2012లో ఆండ్రాయిడ్ 4.1 కన్నడ మలయాళములతోపాటు తెలుగునకు ఆలంబనము కల్పించెను.

ఇందొక వైపరీత్యము గమనింపదగును. భారత ప్రభుత్వము విద్యార్థులకొరకు 2011 అక్టోబరు 5న ఆవిష్కరించిన ఆకాశ్ టాబ్లెట్టు, డేటావిండ్ సంస్థ పక్షమున హైదరాబాదులో కూర్పబడినది. ఏడంగుళముల తెర, 256 మెగాబైట్ల జ్ఞాపకశక్తి, ఆండ్రాయిడ్ 2.2. తెలుగునాట కూర్చిన ఆ యంత్రపు వ్యవస్థకు తెలుగు రాదు. నేటి స్థితి వేరు: 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు పంచిన టాబ్లెట్లును ఆండ్రాయిడువే గాని, వానిపై తెలుగు చదువుటకు ఏ కిటుకులును అక్కరలేదు.

ఐప్యాడు తెలుగును చక్కగా ప్రదర్శించుచున్నను ఒకమారు ఘోరముగా తడబడెను. 2018 ఫిబ్రవరిలో, ‘జ్ఞా’ అను అక్షరమునందలి సంకేతముల నడుమ కంటికి కనబడని ఒక విభాజకము చేరిన కూర్పు సందేశముగా వచ్చినచో, దానిని చూప ప్రయత్నించిన యాప్ కుప్పకూలుచు, కొన్ని సందర్భములలో ఐఫోనే పదేపదే పునఃప్రారంభమగుచు వచ్చెను. పంచుకొనుట ఎంత సులభమో ఆ అక్షరము అంత శీఘ్రముగా దేశదేశములు తిరిగినది. తెలుగు లిపియని యొకటి కలదని దానివలననే ఎరిగిన విదేశీయులు ఎందరో. ఆపిల్ వారు ఫిబ్రవరి 19న 11.2.6వ ప్రచురణముతో దోషమును సవరించిరి.

టైపు చేయు విషయమున ఆండ్రాయిడునందు గూగుల్ కీబోర్డు ఆంగ్లాక్షరములతో కొట్టిన మాటను తెలుగున మార్చి యిచ్చును. అలవాటైనవారికి ఇన్‌స్క్రిప్టు అను కీల అమరికయు ఉన్నది. ఐప్యాడునందు 2014కు పూర్వము అన్యుల కీబోర్డులకు తావు లేనందున, తెలుగు టైపునకై చేసిన యాప్‌లో వ్రాసి, కాపీ చేసి, బ్లాగు యాప్‌లో అతికించుట వాడుకగా ఉండెను. అక్షరములు చెదరునను భయమున తెలుగు పాఠమును బొమ్మగా మార్చి పంచుకొను అలవాటు నేటికిని వాట్సాప్‌లో కొనసాగుచున్నది. అట్టి రచన అన్వేషణ యంత్రములకు దొరకుట అరుదు, చదువరి తెర పరిమాణమునకు ఒదుగదు, చూపులేనివారికి యంత్రము చదివి వినిపించుట కష్టము.

పత్రికలకు వ్రాయువారికి మిగిలిన చిక్కు ‘అను’ అను పేరుగల ఫాంట్లది. డీటీపీ కాలమునుండి పేజ్‌మేకరు అను పుటల కూర్పు సాఫ్ట్‌వేరులో నిలువయున్న పాఠము యూనికోడు కాదు. ఆంగ్లాక్షరముల సంకేతములపై తెలుగు ఆకృతులు తొడిగిన పాఠము. ఆ ఫాంటు స్థాపించిన విండోస్ టాబ్లెట్టులో అది తెలుగుగా కనబడవచ్చును. ఐప్యాడునకో ఆండ్రాయిడునకో పంపగానే అర్థరహితమైన ఆంగ్లాక్షర సమూహముగా మారును. ముందుగా కంప్యూటరుపై మార్పిడి సాధనముతో యూనికోడునకు మార్చి, ఒత్తులను, సున్నలను ఒకమారు సరిచూచుకొని, ఆ పిమ్మటనే దానిని టాబ్లెట్టునందలి చిత్తుప్రతులలో చేర్చుకొనవలయును.